లెవోడోపా: ఇప్పుడే వేసుకోవాలా, దాచుకోవాలా?

పెద్దమ్మాయి
మా నాన్నకు 66 ఏళ్లు. పార్కిన్సన్స్ అని తేలి ఏడాది దాటింది. న్యూరాలజిస్టు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రాశారు. నాన్న ఇప్పటికీ ఒక్కటీ మింగలేదు. "అది ఐదేళ్లే పనిచేస్తుందట. ఇప్పుడే వాడేస్తే రేపు మంచాన పడ్డాక ఏం వేసుకోను?" అంటారు. ఎవరో బంధువు ఎక్కించిన మాట. మొన్న చొక్కా పై బొత్తాం పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టింది. నేను చెయ్యి వేయబోతే విదిలించేశారు. ఇది మొండితనమా, ముందుచూపా?

వేకువ
ముందుచూపే అంటాను. మా అమ్మకు మొదటి నెలలోనే ఈ మాత్ర మొదలుపెట్టారు. మూడేళ్లు హాయిగా తిరిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆరో ఏడు వచ్చేసరికి మాత్ర వేసుకున్న గంటకల్లా మెడ, భుజాలు వాటంతట అవే మెలికలు తిరిగేవి. మందు దిగిపోయిందా, కుర్చీలోంచి లేవలేదు. రోజంతా ఈ రెండింటి మధ్యే. తొందరపడ్డామని ఇప్పటికీ బాధే.

పాత ఫార్మసిస్టు
అమ్మగారు పడిన బాధ కాదనను. నేరం మాత్ర మీద వేయడమే నాకు ఒప్పుదల కాదు. కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెదడులో ఉంటాయి. మొదట్లో వాటిలో మిగిలినవి ఈ మందును తీసుకుని, డోపమైన్‌గా మార్చి దాచుకుని, కొద్దికొద్దిగా వదులుతాయి. అందుకే రోజుకు మూడు మాత్రలతో సాఫీగా నడుస్తుంది. కణాలు తగ్గేకొద్దీ దాచే చోటు ఉండదు. రక్తంలో మందు ఎక్కితే ఒళ్లు ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. ఆ కణాలను తినేసేది జబ్బు. మాత్ర బీరువాలో ఉన్నా అది ఆగదు.

ఘనా, ఇటలీ రోగులను పోల్చిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. మందు సులువుగా అందని ఘనాలో జబ్బు మొదలైన సగటున నాలుగేళ్లు దాటాక మందు మొదలుపెట్టారు, ఇటలీలో రెండున్నరేళ్ల లోపే. మెలికలు మాత్రం రెండు చోట్లా జబ్బు మొదలై ఇంచుమించు అన్నే ఏళ్లు గడిచాక వచ్చాయి. అంటే ఆలస్యం చేసినవాళ్లు పోగొట్టుకున్నది ఆ మంచి రోజులనే. 2019లో నెదర్లాండ్స్‌వాళ్లు 445 మందిలో సగానికి వెంటనే, సగానికి 40 వారాలు ఆగి ఇచ్చి చూశారు. 80 వారాలకు రెండు గుంపులూ సమానమే. ముందు వాడితే జబ్బు నెమ్మదించలేదు, ముదరనూ లేదు.

గడపలో కుర్చీ
లెవోడోపాను వాయిదా వేయడానికి రాసే ఇంకో రకం మందుల గురించి కూడా చెప్పండి. మా ఆయనకు ప్రామిపెక్సోల్ ఇచ్చారు. పేకముక్క ముట్టని మనిషి రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఫోన్‌లో పందేలు! మందు వల్ల అలా జరగొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలకు బయటపడింది. డాక్టరు మెల్లగా తగ్గించాక ఆ యావ పోయింది. డబ్బు మాత్రం రాలేదనుకోండి.

కొత్తవాడు
ఇన్ని తలనొప్పులెందుకు, దూలగొండి గింజల పొడి వాడొచ్చు కదా? సహజం.

పాత ఫార్మసిస్టు
దూలగొండిలో పనిచేసేదీ లెవోడోపానే బాబూ. పొడిలో అది ఎంతుందో తెలియదు, ప్యాకెట్టు మారితే డోసు మారుతుంది. మాత్రకు భయపడి దాన్నే కొలత లేకుండా మింగడం నాకైతే అర్థం కాదు.

వేకువ
ఒకటి చెప్పకుండా వాదించాను. అప్పుడు అమ్మకు 47. చిన్న వయసులో జబ్బు వస్తే, డోసు పెద్దదైతే మెలికలు త్వరగా వస్తాయని తర్వాత ఇంకో డాక్టరు అన్నారు. మీ నాన్నగారి లెక్క వేరే కావచ్చు. అయినా డోసు పెంచుతున్న ప్రతిసారీ ఎందుకని అడగండి. ఆ మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

పాత ఫార్మసిస్టు
నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. మొదలుపెట్టాక మీ అంతట మీరు ఠక్కున మానేయకండి, ప్రాణం మీదికి రావచ్చు.

పెద్దమ్మాయి
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. "అయితే దాచుకున్నా మిగలదంటావు" అన్నారంతే. సోమవారం నుంచి సగం మాత్ర చొప్పున మొదలుపెట్టాం. రెండు రోజులు వికారం. ఇప్పటికి కొంచెం ఏదైనా తిని వేసుకోమన్నారు, అలవాటయ్యాక భోజనానికి అరగంట ముందట. మాంసకృత్తులు మందును ఒంట్లోకి ఎక్కనివ్వవట. వాంతులకు మెటోక్లోప్రమైడ్ మాత్రం వద్దని, అది పార్కిన్సన్స్‌ను పెంచుతుందని చీటీ మీదే రాసిచ్చారు.

బొత్తాం సంగతి ఇంకా తెలియదు. వారం నుంచీ టీషర్టే వేసుకుంటున్నారు.