మొదటి ఫిషింగ్ కయాక్: మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను

ఒడ్డుగాలం:

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా గట్టు మీద నిలబడే గాలం వేస్తున్నాను. మా చెరువులో అవతలి ఒడ్డున, రెల్లు దుబ్బుల అంచున రోజూ పొద్దున్నే చేపలు ఎగిరిపడుతుంటాయి. నా ఎర అక్కడి దాకా పోదు, అటు నడిచి వెళ్లే దారీ లేదు. చూసి చూసి ఈసారి కయాక్ (ఒక్కరు కూర్చుని నడుపుకునే సన్నటి చిన్న పడవ) కొనాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. ఇంతవరకు ఒక్కసారి కూడా కయాక్ ఎక్కలేదు.

నా ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఓ మాదిరిగా ఈదగలను. చెరువు పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, సగం మేర నాచు, తామరతీగలు. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి లేస్తుంది. నా కారు చిన్నది. దాదాపు ఎప్పుడూ ఒంటరిగానే వెళ్తాను, ఎత్తడానికీ దించడానికీ సాయం ఉండదు.

మూడు చూశాను. మొదటిది 3 మీటర్ల పొడవు, 84 సెంటీమీటర్ల వెడల్పు, పైన కూర్చునే రకం, తెడ్డుతో నడపాలి, 27 కిలోలు. రెండోది 3.7 మీటర్ల పెడల్ కయాక్, అన్నీ కలిపి 48 కిలోలు. మూడోది గాలి నింపుకునేది, సంచిలో పట్టేస్తుంది. అమ్మే ఆయన రెండోదే తీసుకోమంటున్నారు. రాడ్లు నిలబెట్టడానికి ఆరు గొట్టాలున్నాయట, చేపల జాడ చూపే యంత్రానికి చోటు కూడా ఉందట. నా మనసూ అటే లాగుతోంది. కానీ ఒకసారి కొన్నాక మళ్లీ మార్చే స్తోమత లేదు. మీరు మొదటి కయాక్ ఏం చూసి కొన్నారు, ఇప్పుడైతే ఏం చూస్తారు? అది చెప్పండి, చాలు.

తొక్కుడుపడవ:

నాలుగేళ్లుగా పెడల్ కయాకే వాడుతున్నాను. దానికున్న సుఖం ముందు చెప్తాను. కాళ్లతో నడుపుతూ ఉంటే రెండు చేతులూ గాలానికే. ఎదురుగాలిలో తొక్కుతూ ఒకేచోట నిలిచి ఎర వేయవచ్చు. తెడ్డు పట్టినవారికి ఆ అవకాశం ఉండదు. ప్రొపెల్లర్ రకమైతే పెడల్ వెనక్కి తొక్కితే పడవ వెనక్కి కూడా వస్తుంది.

అయినా మీకు మొదటి కయాక్‌గా ఇది వద్దనే అంటాను. మీరు సగం చెరువు నాచు అన్నారు. ప్రొపెల్లర్‌కు తామరతీగ చుట్టుకుంటే పెడల్ యూనిట్ మొత్తం పైకెత్తి, ఒక్కో పోగూ వేళ్లతో విప్పాలి. పైగా అడుగున అరమీటరు లోతైనా కావాలి, మీ రెల్లు దుబ్బుల దగ్గర అంత ఉంటుందా? 1997లో హోబీ అనే కయాక్ కంపెనీ వారు తెచ్చిన మిరాజ్‌డ్రైవ్ లాంటిది, అంటే ప్రొపెల్లర్‌కు బదులు పడవ కింద రెక్కలు ఆడే రకం, కొంత నయం. ఒక పెడల్‌ను ముందుకు తోసి ఆపితే రెక్కలు అడుగుకు అతుక్కుంటాయి, ఆ ఊపు మీదే నాచు దాటేయవచ్చు. కానీ బరువు సంగతి అలాగే ఉంటుంది. నేనూ మా తమ్ముడూ కలిసి ఎత్తుతాం కాబట్టి సరిపోతోంది. చిన్న కారు పైకప్పు మీదికి 48 కిలోలు ఒక్కరే ఎక్కించడం అయ్యే పని కాదు. మీ కారు పైకప్పు ఎంత మోయగలదో కారు పుస్తకంలో ఉంటుంది, చూడండి. అందులో క్యారియర్ కమ్మీల బరువు కూడా కలపాలి.

పాత తెడ్డు:

ఏది కొనాలో చెప్పే ముందు నా మొదటి కయాక్ సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట కొన్నాను. లోపల కాళ్లు చాపుకుని కూర్చునే రకం, 3 మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు. నీటి మీద చూడముచ్చటగా సాగేది. సీటు వెనుక రెండు రాడ్ గొట్టాలున్నాయి, వాటిని చూసే కొన్నాను. మూడో నెలలో ఒక ఉదయం, ఒడ్డుకు నూటయాభై మీటర్ల దూరంలో ఉండగా వెనుక రాడ్‌కు చేప తగిలింది. రీల్ కీచుమని తిరుగుతోంది. నడుము తిప్పి కుడిచేత్తో వెనక్కి అందుకోబోయాను. తల పడవ అంచు దాటింది, అంతే. ఊగడం, ఒరగడం ఏమీ లేవు. కళ్లు తెరిచేసరికి చుట్టూ పచ్చటి నీళ్లు. తల ఎటు వెళ్తే పడవ అటే తిరుగుతుందని ఆ రోజు నా ఒంటికి తెలిసింది.

పైకి తేలాక అసలు కష్టం మొదలైంది. లైఫ్ జాకెట్ వేసుకున్నాను గానీ పక్క పట్టీలు బిగించలేదు. అది పైకి లేచి గడ్డం కింద అడ్డుపడి చేతులు చాపనివ్వలేదు. బోర్లాపడిన పడవ అడుగు పాకుడు రాయిలా జారిపోతోంది, పట్టు దొరికే చోటే లేదు. ఎలాగో తిప్పాను. లోపల అంచుదాకా నీళ్లు. ఎక్కబోతే ఆ నీళ్లన్నీ ఒక పక్కకు వచ్చి మళ్లీ తిరగబడింది. నాలుగుసార్లు అలా అయ్యాక ముందు కొసన ఉన్న తాడు పట్టుకుని ఈదుతూ లాక్కొచ్చాను. ఆ నూటయాభై మీటర్లకు నలభై నిమిషాలు పట్టింది.

అందుకే ఎవరు అడిగినా నేను గొట్టాల గురించి మాట్లాడను. పడ్డాక ఎవరి సాయం లేకుండా తిరిగి ఎక్కగలరా, లేదా? ఒంటరిగా వెళ్లేవారికి కయాక్ అంటే ముందు అదే. మీ జాబితాలో మొదటిది, పైన కూర్చునే రకం, ఇక్కడే గెలుస్తుంది. దాని బోలు అంతా మూసి ఉంటుంది. కూర్చునే చోట పడిన నీరు అడుగుదాకా ఉన్న రంధ్రాల్లోంచి దానంతటదే జారిపోతుంది, తోడవలసిన పని లేదు.

ఎక్కే పద్ధతి కూడా రాస్తాను. సీటు పక్కకు ఈదండి. ఒక చెయ్యి దగ్గరి అంచు మీద, రెండోది అవతలి అంచు మీద వేయండి. కాళ్లు పడవ కిందికి జారనివ్వకండి, వెనక్కి తేలనిచ్చి ఈత కొట్టినట్టు గట్టిగా తన్నండి. మీరు పైకి ఎగబాకడం కాదు, పడవను మీ పొట్ట కిందికి లాక్కోవాలి. బోర్లా అడ్డంగా పడుకుని ఒక్క క్షణం ఊపిరి తీసుకోండి. తర్వాత మెల్లగా వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, ఆఖరున కాళ్లు లోపలికి తీసుకోండి. తొందరపడి మోకాలు పైకెత్తారో, మళ్లీ నీళ్లలోనే. కొనకముందే ఛాతీలోతు నీళ్లలో ఇది చేసి చూడండి. కుడివైపు మూడుసార్లు, ఎడమవైపు మూడుసార్లు. నీళ్లలో దించి చూడనివ్వని చోట కొనకండి.

ఇక బరువు. పడవ ఎంత మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది. అది మునిగిపోకుండా తేలే హద్దు, హాయిగా నడిచే హద్దు కాదు. నా లెక్కలో అందులో 70 శాతమే వాడుకోవాలి. 125 కిలోలని రాసి ఉంటే మీ చేతికొచ్చేది 87 కిలోలు. మీ 84 పోతే తెడ్డుకూ లంగరుకూ కూడా చోటు మిగలదు. 150 అని ఉంటే 105, అది సరిపోతుంది. పరిమితి మించితే రంధ్రాల్లోంచి నీరు పోవడానికి బదులు పైకి వచ్చి సీటు తడుపుతుంది, పడవ బద్ధకిస్తుంది. కయాక్‌ను పుట్టించిన ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ ప్రజలు దాన్ని వేట కోసమే చేసుకున్నారు. కర్ర చట్రం మీద సీల్ చర్మం కప్పి, వేటగాడి బారలతో, మూరలతో కొలిచి, ఎవరి ఒంటికి వారిది కట్టుకునేవారు. అచ్చుల్లో పోసిన ప్లాస్టిక్ కయాక్‌లకు ఆ అదృష్టం లేదు కాబట్టి కొలత మనమే చూసుకోవాలి.

84 సెంటీమీటర్ల వెడల్పు కొత్తవారికి మంచిదే. నిదానంగా ఉంటుంది, వేగం తక్కువ. రెండు కిలోమీటర్ల చెరువుకు ఆ వేగం చాలు. సీటు ఎత్తు మార్చుకునే వీలుంటే మొదటి నెలంతా కింది మెట్టులోనే ఉంచండి, పది సెంటీమీటర్ల తేడాకే పడవ స్వభావం మారిపోతుంది. ఆ వెడల్పుకు తెడ్డు 240 సెంటీమీటర్లది తీసుకోండి. పొట్టిదైతే ప్రతి తోపుకూ వేళ్లు పడవ అంచుకు కొట్టుకుంటాయి. పడవలో కొంచెం తగ్గించినా తెడ్డు మాత్రం తేలికైనది కొనండి. రోజుకు కొన్ని వేలసార్లు ఎత్తి దించేది అదే.

లైఫ్ జాకెట్ విషయంలో రాజీ వద్దు. జాకెట్ మనిషిని ఎంత బలంగా తేలుస్తుందో న్యూటన్లలో చెప్తారు. ఈత వచ్చినవారికి 50 న్యూటన్ల రకం సరిపోతుంది, చేతులు బాగా ఆడతాయి. ఈత సరిగా రాకపోతే 100 న్యూటన్లు లేదా అంతకు మించినది తీసుకోవాలి. వీపు భాగంలో కింద పల్చటి వల, పైన మాత్రమే మందం ఉన్నది చూడండి. లేకపోతే సీటు ఆనుడుబల్ల దాన్ని పైకి తోసేస్తుంది. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా వస్తే అది మీది కాదు.

గాలి గురించి ఒక్క మాట. బయలుదేరేటప్పుడు ఎప్పుడూ గాలికి ఎదురు వెళ్లండి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే మిమ్మల్ని ఇంటివైపు తోస్తుంది. అలల తలల మీద తెల్లటి నురగ అక్కడక్కడ మొదలైందంటే ఆ రోజుకు గాలం చుట్టేయండి.

సంధ్యనీరు:

గాలి నింపే రకం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నాకు ఇంట్లో పడవ పెట్టే చోటు లేక అదే కొన్నాను, మూడేళ్లుగా సంతోషంగా ఉన్నాను. కొక్కేలకు చిరిగిపోతుందేమోనని అందరూ భయపడతారు. మందపాటి రకం అంత సులువుగా చిరగదు. నన్ను విసిగించేవి రెండే: గాలి, ఆరబెట్టడం. నీటి మీద తేలికగా ఉంటుంది కాబట్టి చిన్న గాలికే ఆకులా పక్కకు కొట్టుకుపోతుంది. తడితో మడిచిపెడితే వారంలో బూజు వాసన. మీ చెరువులో మధ్యాహ్నం గాలి లేస్తుందన్నారు కాబట్టి, గట్టి పడవ పెట్టుకునే చోటుంటే అదే మంచిది.

పాతది దొరికితే కూడా చూడండి. మా అన్నయ్య కోసం ఒకటి వెతికినప్పుడు నేర్చుకున్నది: హ్యాచ్ (పడవ పైనున్న మూత) తెరిచి టార్చి వేసి, నీరు జారే రంధ్రాల గొట్టాల చుట్టూ చూడాలి. పడవను నేల మీద లాక్కెళ్లే చక్రాల బండి కడ్డీలు ఆ రంధ్రాల్లో దూర్చి వాడితే అక్కడే సన్నటి పగుళ్లు వస్తాయి. అనుమానం ఉంటే లోపల ఒక బకెట్ నీళ్లు పోసి పడవను అటూ ఇటూ ఒరిగించండి. ఎక్కడ చెమ్మ బయటికి ఊరుతుందో అక్కడ పగులు ఉన్నట్టే. అడుగున సొట్టలకు భయపడకండి, ఎండలో కాసేపు ఉంచితే చాలావరకు లేస్తాయి. రంగు వెలిసి, చేత్తో రుద్దితే పొడి రాలేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఏళ్లతరబడి ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ పెళుసు బారుతుంది.

ఒడ్డుగాలం:

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పాత తెడ్డు గారూ, మీ నలభై నిమిషాలు చదివాక పెడల్ మీద మోజు తగ్గింది. మొదటి పడవ మీద 150 కిలోలని రాసి ఉంది. వచ్చే ఆదివారం నీళ్లలో దించి చూడనిస్తామన్నారు. ఇంకొక్క ప్రశ్న. లంగరు కోసం పడవ పక్కన, సీటు దగ్గర ఒక కొక్కెం ఉంది. తాడు దానికి కట్టవచ్చా?

పాత తెడ్డు:

వద్దు తమ్ముడూ, పక్కన ఎప్పుడూ కట్టకండి. గాలి గానీ ప్రవాహం గానీ తోసినప్పుడు తాడు ఆ పక్కను కిందికి లాగుతుంది, పడవ అడ్డం తిరిగి బోల్తాపడుతుంది. లంగరు ఎప్పుడూ ముందు కొస నుంచో వెనుక కొస నుంచో లాగాలి. దానికి ఒక ఉపాయం ఉంది. పడవ పక్కన పొడవునా రెండు కప్పీల మీద తాడు చుట్టి, దానికి ఒక రింగు కడతారు. లంగరు తాడును సీట్లోంచే ఆ రింగులో వేసి, కొసకు జరుపుకోవచ్చు. నిలకడ నీటికి కిలోన్నర మడత లంగరు చాలు, తాడు లోతుకు మూడింతలైనా వదలండి. చిక్కుకుంటే కోసేయడానికి జాకెట్‌కు చిన్న కత్తి ఉండాలి. పారే నీటిలో మాత్రం మొదటి ఏడాది లంగరు జోలికే పోవద్దు.

మొదటి నాలుగైదు సార్లు ఒక్క రాడ్, ఒక చిన్న డబ్బా, అంతే తీసుకెళ్లండి. రాడ్‌ను సీటు ముందు పెట్టుకోండి.

ఒడ్డుగాలం:

ఆదివారం వెళ్లి వచ్చాను. ఛాతీలోతు నీళ్లలో కావాలనే పడ్డాను. మొదటి రెండుసార్లు ఎక్కలేకపోయాను, మోకాలు ముందు పెట్టాను. మూడోసారి మీరు చెప్పినట్టు కాళ్లు వెనక్కి తేలనిచ్చి తన్నితే పడవే నా కిందికి వచ్చింది. ఎడమవైపు నుంచి ఇంకా కష్టంగానే ఉంది, ఆరుసార్లలో నాలుగుసార్లు ఎక్కాను. 27 కిలోలను ఒక కొస ముందు కారు వెనుక కమ్మీ మీద ఆనించి, రెండో కొస ఎత్తి తోస్తే ఒక్కడినే ఎక్కించగలిగాను.

మొదటిదే తీసుకున్నాను. 240 తెడ్డు, 50 న్యూటన్ల జాకెట్ కూడా. వెనుక కొసన నీరు తీసే బిరడా ఒకటి ఉంది, దాన్ని పోగొట్టుకోకుండా సన్నతాడుతో పిడికి కట్టేశాను. బుధవారం తెల్లవారుజామున రెల్లు దుబ్బుల వైపు వెళ్తున్నాను, గాలి లేచేలోపు తిరిగి వస్తాను.