‘దళం’ అంటే ఆకా, సైన్యమా? తెలిసినోళ్లు చెప్పండి

మాది నల్గొండ. ఇక్కడ దళం అనగానే పెద్దవాళ్లకు 1946-51 సాయుధ పోరాటంలో రజాకార్లతో కొట్లాడిన గెరిల్లా దళాలే గుర్తొస్తాయి. ఆ మాటే వైమానిక దళం, నౌకాదళం, అగ్నిమాపక దళం అన్నిట్లో ఉంది, అక్కడిదాకా అర్థమైంది. కానీ మొన్న తమ్ముడికి వృక్షశాస్త్రం చెప్తుంటే కంది, పెసర ద్విదళ బీజాలు, వరి, జొన్న ఏకదళ బీజాలు అని వచ్చింది, గుడికి పోతే మారేడు దళం, తులసి దళం, ముగ్గేస్తే అష్టదళ పద్మం, మరి వీటికీ తుపాకులు పట్టినోళ్లకూ ఏం సంబంధం? చెట్టు నుంచి విడివడ్డ ఆకులాగా పెద్ద సైన్యం నుంచి విడిగా తీసిన ముక్క కాబట్టి దళం అన్నారా అని నా ఊహ, ఆధారం మాత్రం లేదు.

ఇంకోటి, మందంగా ఉన్న బట్టను దళసరి అంటాం కదా, అదీ ఇదే మాటా, లేక వేరేదా? సంస్కృతం చదివినోళ్లు, పాత నిఘంటువులు దగ్గరున్నోళ్లు కొంచెం చూసి చెప్పండి అన్నా, అక్కా. మీ పనిలో, మీ ఊళ్లో దళం ఇంకేదానికైనా వాడతారా? వాడితే అదీ రాయండి.