బిగ్ బెర్తా కిట్‌కి డి మోటార్: కట్టేటప్పుడే మార్చాలా, అసలు ముట్టుకోకూడదా?

ప్లానో_నాన్న:
అందరికీ నమస్కారం. మావాడికి పదకొండేళ్లు. ఇప్పటికి రెండు చిన్న రాకెట్లు కట్టి ఎగరేశాం. ఇప్పుడు ఎస్టెస్ కంపెనీ వాళ్ల బిగ్ బెర్తా అనే మోడల్ రాకెట్ కిట్ తెచ్చుకున్నాం. రెండడుగుల పొడవు, 4.2 సెంటీమీటర్ల లావు గొట్టం, తేలికైన బాల్సా చెక్క ఫిన్లు (తోక రెక్కలు) నాలుగు. కిట్‌లో వచ్చే మోటార్ మౌంట్, అంటే మోటార్‌ని పట్టుకునే లోపలి గొట్టం, 18 మిల్లీమీటర్లది కాబట్టి అందులో సి6-5 మోటార్ వరకే పడుతుంది (అక్షరం మొత్తం శక్తి, మొదటి అంకె తోపు, చివరి అంకె మందు కాలాక పారాచూట్ బయటికొచ్చేదాకా ఆగే సెకన్లు).

పోయిన నెల క్లబ్ లాంచ్‌లో ఎవరో డి12 ఎగరేస్తే మావాడు చూశాడు. అప్పటి నుంచి "నాన్నా, మన బెర్తాకీ అదే పెడదాం" అని ఒకటే పట్టు. డి12 మోటార్ 24 మిల్లీమీటర్లు. గొట్టం లావుగానే ఉంది, మౌంట్ పడుతుంది. ఆఫీసులో ఒకాయన "గమ్ పెట్టకముందే మార్చెయ్, తర్వాత కుదరదు" అన్నారు. మా ఆవిడ మాత్రం "కిట్ చేసినవాళ్లు లెక్క చూసే ఇచ్చి ఉంటారు, మీరెందుకు కెలుకుతారు" అంటోంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. శనివారం గమ్ పెట్టాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హంట్స్‌విల్_శ్రీను:
అన్నా, మార్చండి, అదీ ఇప్పుడే మార్చండి. పోయినేడు నేను ఇదే కిట్‌కి ఇదే పని చేశాను. 24 మిల్లీమీటర్ల గొట్టం, దానికి సరిపడే రెండు అట్ట రింగులు, మోటార్ జారకుండా పట్టే హుక్. ఒక సాయంత్రం పని అంతే. ఒకసారి 18 మౌంట్ అతికించాక దాన్ని పీకాలంటే గొట్టం చిరుగుతుంది.

వంటింటి తూకం మీద పెట్టి రాసుకున్న లెక్క ఇది. మోటార్ లేకుండా నా బెర్తా 62 గ్రాములు. సి6 మోటార్ 24 గ్రాములు, డి12 మోటార్ 43 గ్రాములు. సి6 పెట్టి వేలి మీద అడ్డంగా నిలబెడితే ముక్కు నుంచి దాదాపు 43 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. కొత్త మౌంట్‌లో డి12 పెట్టాక 46 దగ్గరికి జరిగింది. అంటే 3 సెంటీమీటర్లు వెనక్కి. ముక్కు లోపల 10 గ్రాముల మోడలింగ్ క్లే నొక్కితే మళ్లీ 43కి వచ్చేసింది. కొత్త మౌంట్ అదనపు బరువు 5 గ్రాములతో కలిపి మొత్తం 120 గ్రాములు. డి12లో ఆ 12 అంటే సగటు తోపు 12 న్యూటన్లు. రాకెట్ బరువుకి ఇది పది రెట్లు. ఐదు రెట్లుంటే చాలంటారు. ఇంకేం భయం?

బాల్సా_రెక్క:
శ్రీను గారూ, మీ లెక్కలో తప్పు లేదు. అయినా నేను వద్దనే చెప్తాను. కారణం చెప్తాను వినండి.

మూడేళ్ల కిందట నేనూ ఇలాగే ఒక లావు గొట్టం కిట్‌కి 24 మౌంట్ పెట్టాను. ముక్కులో బరువు పెట్టాలని నాకు తెలుసు. క్లే ముద్ద ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది. మైదానానికి వెళ్లాక గుర్తుకొచ్చినా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. రాకెట్ లాంచ్ రాడ్ (లేచేటప్పుడు దారి చూపే కడ్డీ) దాటిన మరుక్షణం పక్కకి తిరిగింది. గాల్లో గిరికీలు కొట్టి మా వైపే వచ్చి ఇరవై అడుగుల దూరంలో గడ్డిలో పడింది. పడ్డాక పారాచూట్ ఛార్జ్ (పారాచూట్‌ని బయటికి నెట్టే మందు) పేలింది. మా అన్నయ్యగారి పాప, ఆరేళ్లది, నా పక్కనే నిలబడి ఉంది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్నప్పుడు దీపావళికి తారాజువ్వలు కాల్చినవాళ్లందరికీ ఈ సంగతి తెలిసిందే. జువ్వకి పుల్ల ఎందుకు? మందు గొట్టం ముందు బరువుగా ఉండాలి, గాలి వెనక తోకని పట్టుకోవాలి. పుల్ల విరిగిన జువ్వ సీసాలోంచి లేచి పక్కింటి వరండాలోకి దూరేది. రాకెట్‌కి ఆ పుల్ల పని చేసేవి ఫిన్లు. వెనక్కి బరువు చేర్చినకొద్దీ పుల్లని కొంచెం కొంచెం విరుస్తున్నట్టే.

ఆ పిల్లాడికి ఇది మూడో రాకెట్. కిట్ ఎలా ఉందో అలాగే కట్టనివ్వండి. డి12 కావాలంటే దానికోసమే చేసిన కిట్లున్నాయి, అది కొనండి.

కొలంబస్_వాసు:
మౌంట్ సంగతి మీరు తేల్చుకోండి. రాడ్ మాత్రం మార్చాలి. మామూలు లాంచ్ ప్యాడ్‌తో వచ్చే రాడ్ 3 మిల్లీమీటర్లది. డి12 తోపుకి అది కొరడాలా ఊగుతుంది. 5 మిల్లీమీటర్ల రాడ్, దానికి సరిపోయే లాంచ్ లగ్ (రాడ్ దూరడానికి రాకెట్ పక్కన అతికించే చిన్న గొట్టం) పెట్టండి. లగ్ కూడా గమ్‌తోనే అతుకుతుంది కాబట్టి ఇదీ ఇప్పుడే తేల్చుకోవాల్సిన విషయం.

మిల్పిటాస్_జ్యోతి:
నేను ఒక స్కూల్ టీమ్‌కి రాకెట్ పోటీ మెంటర్‌గా ఉన్నాను. అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ అని ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకి ఉంటుంది, 2003 నుంచి ఫైనల్స్ వర్జీనియాలో జరుగుతున్నాయి. అందులో గుడ్డుని మోసుకెళ్లి, పగలకుండా దించాలి. అందరికంటే ఎత్తుకి ఎగరేసినవాళ్లు గెలవరు. చెప్పిన ఎత్తుకి, చెప్పిన సమయానికి దగ్గరగా వచ్చినవాళ్లు గెలుస్తారు. అందుకే మా పిల్లలు ప్రతి ప్రయోగానికి ముందు తూకం వేసి, బరువు నిలిచే చోటు కొలిచి నోట్‌బుక్‌లో రాస్తారు.

బాల్సా గారి అనుభవం చదివితే గుండె ఝల్లుమంది. కానీ ఆ రోజు పొరపాటు మౌంట్ మార్చడంలో జరగలేదు. మార్చాక చూసుకోకుండా ఎగరేయడంలో జరిగింది. పిల్లాడికి నేర్పాల్సింది సరిగ్గా ఆ చూసుకోవడమే కదా! కిట్ ఉన్నదున్నట్టు కడితే అది ఎందుకు నిటారుగా పోతోందో వాడికి ఎప్పటికీ తెలియదు. మౌంట్ మార్చి, ఓపెన్‌రాకెట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కొలతలు వేసి చూస్తే తెలుస్తుంది. బరువు కేంద్రం ముందు, గాలి ఒత్తిడి కేంద్రం వెనక. రెండిటి మధ్య కనీసం ఒక గొట్టం లావు దూరం ఉండాలి. బెర్తా ఫిన్లు పెద్దవి కాబట్టి ఈ ప్రయోగానికి మంచి కిట్.

24 మౌంట్ పెట్టండి, అందులో 18కి తగ్గించే అడాప్టర్ పెట్టి ముందు సి6తో ఎగరేయండి. నిటారుగా వెళ్తే అప్పుడు డి12.

బాల్సా_రెక్క:
జ్యోతి గారూ, పొరపాటు నాదే, ఒప్పుకుంటాను. కానీ మీ సలహాలో ఒక చిక్కుంది. సి6-5 మోయగలిగిన గరిష్ఠ బరువు మోటార్‌తో కలిపి 113 గ్రాములు. శ్రీను గారి లెక్కే తీసుకోండి. 62 గ్రాముల రాకెట్, కొత్త మౌంట్‌కి అదనంగా 5, అడాప్టర్‌కి ఇంకో 5, క్లే 10, మోటార్ 24. మొత్తం 106. దాని మీద పిల్లాడు ఇష్టంగా రెండు మూడు కోట్ల రంగు వేస్తాడు. పరీక్ష కోసం ఎగరేసే మొదటి ప్రయోగమే హద్దు మీద ఉంటుంది. నెమ్మదిగా లేచిన రాకెట్‌ని చిన్న గాలి కూడా వంచేస్తుంది.

మిల్పిటాస్_జ్యోతి:
అది నిజమే, ఆ లెక్క నేను వేయలేదు. సి6 పెట్టినప్పుడు క్లే అక్కర్లేదు కాబట్టి, క్లేని తీసి పెట్టుకునేలా చేస్తే?

బాల్సా_రెక్క:
తీసి పెట్టుకునేలా ఉన్నది కాబట్టే నాది ఇంట్లో బల్ల మీద ఉండిపోయింది.

హంట్స్‌విల్_శ్రీను:
ఈ విషయంలో నేను బాల్సా గారి వైపే. క్లే శాశ్వతంగా ఉండాలి. ముక్కు చివరిదాకా నొక్కి, పైన కొంచెం ఎపాక్సీ జిగురు పోయండి. లేకపోతే పారాచూట్ ఛార్జ్ కుదుపుకి ఊడి కదులుతుంది.

ఇక అడాప్టర్, సి6 రెండూ మానేయండి. సి11-3 అని ఇంకో మోటార్ ఉంది. అది కూడా 24 మిల్లీమీటర్లదే. మొత్తం శక్తి సి6తో సమానంగా 8.8 న్యూటన్ సెకన్లు. కాకపోతే ఆ శక్తిని త్వరగా, గట్టిగా ఇస్తుంది. బరువు రాకెట్‌ని రాడ్ మీదే వేగంగా లేపుతుంది. మరీ ఎత్తుకి మాత్రం వెళ్లదు. మొదటి ప్రయోగానికి ఇంతకంటే ఏం కావాలి? అది చూశాక డి12-5. దాని శక్తి 16.8, దాదాపు రెట్టింపు.

కొలంబస్_వాసు:
క్లే బదులు ఇనప నట్లు వేసి ఎపాక్సీ పోస్తే చోటు తక్కువ పడుతుంది. నేను అలాగే చేస్తాను.

మిల్పిటాస్_జ్యోతి:
వాసు గారూ, దయచేసి ఈ సలహా పిల్లల రాకెట్‌కి ఇవ్వకండి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లో మొదటి మాటే ఇది: ముక్కు, గొట్టం, ఫిన్లు తేలికైన, లోహం కాని పదార్థాలతో చేయాలి. పారాచూట్ తెరుచుకోని రోజున ముందుగా నేలని తాకేది ముక్కే. ఆ ముక్కులో ఇనప ముక్కలు ఎందుకు? 10 గ్రాముల క్లేకి చోటు లేకపోవడమేమీ లేదు, బెర్తా ముక్కు బోలుగానే ఉంటుంది.

కొలంబస్_వాసు:
బరువు కోసం వేసేది ముక్కు నిర్మాణం కిందకి రాదని నా వాదన. కానీ పిల్లల రాకెట్ అన్నారు కాబట్టి ఇక్కడ మీ మాటే ఉండనిద్దాం.

తెనాలి_తమ్ముడు:
అన్నలూ అక్కలూ, మేం ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఇక్కడ ఆ మోటార్లు దొరకవు. తారాజువ్వల్లో మందు తీసి గట్టి అట్ట గొట్టంలో కూరి పెద్ద మోటార్ చేద్దామని మా రూమ్మేట్ అంటున్నాడు. అంత ప్రమాదమా?

బాల్సా_రెక్క:
తమ్ముడూ, చేయొద్దు. ఈ రాత్రే మీ రూమ్మేట్‌తో మాట్లాడు. 1950ల్లో అమెరికాలో పిల్లలు ఇలాగే ఇళ్లల్లో మందు కూరి వేళ్లు, కళ్లు పోగొట్టుకున్నారు. 1954లో నెబ్రాస్కాలో ఆర్విల్ కార్లైల్, ఆయన సోదరుడు తొలి మోడల్ రాకెట్ చేశారు. మోటార్ ఫ్యాక్టరీలో తయారై రావాలి, పిల్లలు రాకెట్ మాత్రమే కట్టాలి అన్న పద్ధతి దాని వెనకే స్థిరపడింది. మేం ఇక్కడ ఇంతసేపు వాదించుకుంటున్నది రాకెట్‌ని మార్చడం గురించి. మోటార్‌ని విప్పడం, మార్చడం గురించి మాలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. పైగా మన దేశంలో లైసెన్స్ లేకుండా పేలుడు పదార్థం తయారుచేస్తే 1884 నాటి చట్టం కింద కేసు అవుతుంది.

హంట్స్‌విల్_శ్రీను:
రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, సైకిల్ పంపు, మూడో వంతు నీళ్లు. నీళ్ల రాకెట్‌కి కూడా బరువు కేంద్రం, ఫిన్లు, పారాచూట్ అన్నీ ఇవే లెక్కలు తమ్ముడూ. దూరంగా నిలబడి గాలి కొట్టండి. ఫొటోలు పెట్టు, ఫిన్ల సైజు నేను చూసి చెప్తాను.

తెనాలి_తమ్ముడు:
సరే అన్నా. మందు ఆలోచన మానేశాం.

బాల్సా_రెక్క:
ప్లానో గారూ, ఇంత చెప్పాక కూడా నా అభిప్రాయం మారలేదు, మీరు డి12కి వేరే కిట్ కొనడమే మేలు. అయినా మార్చాలనే అనుకుంటే, మౌంట్ ఒక్కటే మార్చి ఆగకండి. కిట్‌లో పారాచూట్ తాడుని మడిచిన కాగితంతో గొట్టం లోపల అతికించమంటారు. ఆ రబ్బరు తాడు 120 గ్రాముల రాకెట్‌కి ఎక్కువ రోజులు ఆగదు. కెవ్లార్ అనే, వేడికి తట్టుకునే గట్టి దారం మౌంట్‌కే కట్టి, దాని చివర ఎలాస్టిక్ ముడివేయండి. ఫిన్లకి రెండు వైపులా పల్చటి కాగితం చెక్క గమ్‌తో అతికించండి. ఫిన్లు గొట్టానికి అతికే చోట గమ్ సన్నటి గట్టులా రెండు మూడు సార్లు వేయండి, ప్రతిసారీ పూర్తిగా ఆరాకే. మోటార్లని ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలొద్దు. టెక్సాస్ ఎండకి లోపలి మందు బీటలు వారితే అది పైకి లేవదు, ప్యాడ్ మీదే పేలుతుంది.

నియమం ప్రకారం డి మోటార్‌కి 15 అడుగుల దూరం చాలు. మీరు 30 అడుగుల దూరంలో నిలబడండి. నా కోసం.

ప్లానో_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడా నేనూ కూర్చుని మొత్తం చదివాం. బాల్సా గారూ, పాప సంగతి చదివాక మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

జ్యోతి గారి మాట మీద ఓపెన్‌రాకెట్‌లో కొలతలు వేశాం. మైదానం కూడా కొలిచాం. నియమాల్లో సి మోటార్‌కి 400 అడుగుల మైదానం, డి మోటార్‌కి 500 అడుగులు, డి తర్వాతి 'ఇ' (E) మోటార్‌కి 1000 అడుగులు అని ఉంది. మా స్కూల్ మైదానం ఇరుకు వైపు 430 అడుగులు వచ్చింది. కాబట్టి అక్కడ సి11-3 ఒక్కటే. డి12 క్లబ్ లాంచ్‌లో మాత్రమే, అదీ సి11తో రెండుసార్లు నిటారుగా వెళ్లాక. 'ఇ' మోటార్ ఊసు ఎత్తకూడదని తండ్రీకొడుకులం ఒప్పందం చేసుకున్నాం. అందుకే హుక్ కూడా డి12 పొడవుకే సరిపోయేది తీసుకున్నాం, పొడవాటి మోటార్ అందులో పట్టదు.

24 మౌంట్ పెడుతున్నాం. 5 మిల్లీమీటర్ల లగ్, కెవ్లార్ దారం, ఫిన్లకి కాగితం కూడా. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది: ఎగరేసే ముందు ప్రతిసారీ మావాడు రాకెట్‌ని వేలి మీద నిలబెట్టి, 43 దగ్గర గీసిన గీత చూపించాలి. గీత మీద నిలవకపోతే ఆ రోజుకి ఇంటికే.

క్లే ఇప్పుడే తూచాడు. 11 గ్రాములు వచ్చింది. ఒక గ్రాము గిల్లి మళ్లీ తూస్తున్నాడు.