భీమిలి దగ్గర చుక్కలు బాగా కనబడే చోట్లు చెప్పండి

గవ్వలబుట్ట:
మకాం భీమునిపట్నం. 10×50 బైనాక్యులర్లు, 18–55 కిట్ లెన్సుతో క్రాప్ సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్, ట్రైపాడ్ ఉన్నాయి. టెలిస్కోపు లేదు. ముందు త్రిశంకు (సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు చుక్కల గుంపు), అగస్త్య (కెనోపస్ నక్షత్రం) చూడాలి, తరవాత పాలపుంత నడిభాగం. లైట్ పొల్యూషన్ మ్యాపులో సముద్రం వైపంతా నల్లగా ఉంది, ఒడ్డున నిలబడితే మాత్రం అంత చీకటి లేదు. ఎందుకలా? బీచ్ రోడ్డులోనే ఎక్కడన్నా ఆగితే చాలా, అరకు ఎక్కాల్సిందేనా? ఏ నెలలో ఎన్ని గంటలకు వెళ్లాలి? ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్తాం కాబట్టి భద్రత సంగతి కూడా చెప్పండి.

దక్షిణపు గుమ్మం:
మ్యాపులో మీరు చూసింది ఉపగ్రహం కొలిచిన పొర అయ్యుంటుంది. నేల మీంచి పైకి పోయే వెలుతురునే అది చూపిస్తుంది. సముద్రంలో దీపాలు లేవు కాబట్టి నలుపు. కానీ పక్కనున్న ఊరి వెలుగు గాలిలోని తేమకూ ఉప్పు తుంపరకూ తగిలి మీ నెత్తిన పరుచుకుంటుంది, ఆ లెక్క అందులో ఉండదు. అదే మ్యాపులో వరల్డ్ అట్లాస్ 2015 అనే పొర పెట్టి చూడండి, అది ఆకాశపు వెలుగును లెక్కగట్టింది. కాకపోతే పేరులోనే ఉంది, 2015 నాటిది. తరవాత విశాఖ శివారు మధురవాడ ఎంత పెరిగిందో దానికి తెలియదు, భోగాపురంలో విమానాశ్రయం కట్టిన సంగతీ తెలియదు.

ఇక చోటు. ముందు ఏం చూడాలో, అది ఏ దిక్కున ఎంత ఎత్తున ఉంటుందో తేల్చుకుంటే చోటు దానంతటదే తేలుతుంది. భీమిలి అక్షాంశం దాదాపు 17.9 డిగ్రీలు. త్రిశంకులో అడుగు నక్షత్రం సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు కూడా 9 డిగ్రీలకు మించి లేవదు, పై నక్షత్రం 15 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే అది 10 డిగ్రీలు, అంటే మొత్తం వ్యవహారం పిడికిలిన్నర లోపే. ఇంటిమీంచి, తోటలోంచి, అరకు లోయలోంచి ఇది కుదరదు, ఏదో ఒకటి అడ్డొస్తుంది. దక్షిణాన నీటి అంచు దాకా ఖాళీ కావాలి.

మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా పోతుంది. అందుకే భీమిలి ఒడ్డున నేరుగా దక్షిణానికి తిరిగితే సముద్రమే ఉంటుంది. రుషికొండ, విశాఖ వెలుగు దానికి కుడిపక్కన 30 డిగ్రీల దూరంలో మొదలై నైరుతి అంతా ఆక్రమిస్తుంది. త్రిశంకు దక్షిణానికి అటూ ఇటూ 30 డిగ్రీలు దాటి పోదు కాబట్టి బతికిపోయాం. ఇంకా మెరుగ్గా కావాలంటే విశాఖ వైపు కాకుండా ఈశాన్యంగా, పూసపాటిరేగ మండలం చింతపల్లి బీచ్ దాకా వెళ్లండి. విశాఖ వెలుగు దూరమై కిందికి దిగిపోతుంది. అక్కడ లైట్‌హౌస్ ఉంది, దాన్ని వీపు వెనక్కి పెట్టుకుని, దాని కిందే కాకుండా కాస్త దూరంగా కూర్చోవాలి.

సమయం: త్రిశంకు దక్షిణానికి వచ్చేది ఫిబ్రవరి 14 ప్రాంతంలో తెల్లవారుజామున 3కి, మార్చి 30కి అర్ధరాత్రి, ఏప్రిల్ 15కి రాత్రి 11, నెలాఖరుకి 10, మే 15కి 9. రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది, నెలకు 2 గంటలు. అగస్త్య సులువు: 19 డిగ్రీల ఎత్తు, పైగా ఆకాశంలో రెండో అతి ప్రకాశవంతమైన నక్షత్రం. జనవరి 27కి రాత్రి 10కి, ఫిబ్రవరి 26కి 8కే దక్షిణాన ఉంటుంది.

ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఏప్రిల్ మధ్యలో రాత్రి 8 గంటలకు దక్షిణాన శిలువ ఆకారం కనబడితే అది త్రిశంకు కాదు, దొంగ త్రిశంకు. అది పెద్దది, మసకగా ఉంటుంది, నాలుగు చుక్కలూ ఇంచుమించు ఒకే వెలుగు. అసలుదానికి ఎడమపక్కన కాసేపటికి రెండు ప్రకాశవంతమైన చుక్కలు లేస్తాయి, ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ. ఆ జంట లేకపోతే నమ్మకండి. అసలుదానిలో మూడు చుక్కలే కనబడ్డాయన్న ఫిర్యాదు కూడా తరచూ వస్తుంది. కుడివైపు నాలుగోది మిగతావాటి కన్నా మసకైనది (ప్రకాశ తరగతి 2.8, ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). 9–13 డిగ్రీల ఎత్తున మన చూపు నడినెత్తి కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ గాలిని దాటాలి. ఆ గాలిలో తేమ ఉంటే ముందు మాయమయ్యేది అదే. బైనాక్యులర్లు పెడితే దొరుకుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. త్రిశంకు సాయంత్రాల సీజను కూడా సరిగ్గా అదే. ఆ రోజుల్లో నీటి అంచున బోటు దీపాల వరస బాగా తగ్గుతుంది. మే మధ్యలో 10 గంటలకు మీ 10×50తో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తు వెతకండి, దూదిపింజలా గుండ్రటి మరక తగులుతుంది. అది ఒమెగా సెంటారీ, లక్షల నక్షత్రాల గుంపు.

కొండమలుపు:
పై జవాబులో త్రిశంకు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పాలపుంతకు మాత్రం కొండ ఎక్కాల్సిందే, ఒడ్డున ఆకాశం ఎప్పుడూ పలచటి పాలు కలిపినట్టే ఉంటుంది. అయితే అరకు అనగానే జనం డిసెంబరు, జనవరి అనుకుంటారు. చలి రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగి, అర్ధరాత్రి దాటాక పొగమంచు కమ్మేస్తుంది. లోయ అడుగున గది తీసుకుని 3 గంటలకు అలారం పెట్టుకుంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. ఆ నెలల్లో చీకటి పడ్డాక 7 నుంచి 12 దాకా చూసేయాలి, లేదా మంచుకు పైనుండే ఎత్తుకు వెళ్లాలి. మబ్బు కిందే నిలిచిపోతే అది మైదానం దీపాలకు మూత పెట్టినట్టు పనిచేస్తుంది, నల్లటి ఆకాశం దొరికేది అప్పుడే. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద ఇలా కుదురుతుంది గానీ శని, ఆదివారాలు సూర్యోదయం కోసం వచ్చే బళ్ల హెడ్‌లైట్లు తెల్లారకముందే మొదలవుతాయి. మామూలు రోజుల్లో వెళ్లండి.

అనంతగిరి ఘాట్‌లో గాలికొండ వ్యూ పాయింటు దగ్గర ఆగమని చాలామంది అంటారు. పగటికి బాగుంటుంది. రాత్రికి ఆగ్నేయాన విశాఖ వెలుగు తేటగా కనబడుతుంది, పైగా మలుపుల్లో లారీలు. అరకు దాటి డుంబ్రిగూడ వైపు పోతే నగరం వెలుగు కొండల వెనక్కి పోతుంది. రోడ్డు వదిలి పొలాల్లోకి దిగేముందు ఆ పల్లెవాళ్లను అడగండి. అర్ధరాత్రి తెలియని మనుషులు టార్చీలతో తిరిగితే ఎవరికైనా అనుమానమే.

చీకటి ఎంతుందో తెలుసుకోడానికి యాప్ అక్కర్లేదు. చలికాలంలో పిల్లలకోడిలో (కృత్తికలో) ఆరు చుక్కలు లెక్కపెట్టగలిగితే ఫరవాలేదు. పుష్యమి దగ్గర, అంటే మిథునానికీ సింహానికీ మధ్య, మామూలు కంటికే చిన్న మబ్బు మరక తగిలితే మంచి చోటు. రెండూ కాకపోతే ఇంకో 20 కిలోమీటర్లు పోనివ్వండి.

గవ్వలబుట్ట:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక అనుమానం. పాలపుంతకు జూన్, జులై అని అన్నిచోట్లా రాస్తారు. మనకు అప్పుడు వానలు కదా? అలాగే అమావాస్య రోజే వెళ్లాలా, అటూ ఇటూ కూడా కుదురుతుందా?

దక్షిణపు గుమ్మం:
నడిభాగం అర్ధరాత్రి దక్షిణానికి వచ్చేది జూన్ మధ్యలో, అందుకే అలా రాస్తారు. మనకు నైరుతి రుతుపవనం అప్పటికే దిగిపోతుంది. తెల్లవారుజామునే మన దారి. ఫిబ్రవరి చివర 4:30కి నడిభాగం ఆగ్నేయంలో 28 డిగ్రీల ఎత్తున ఉంటుంది, భీమిలి ఒడ్డున అది నేరుగా సముద్రం మీదే. ఫొటోకి ఇంతకన్నా మంచి దిక్కు దొరకదు. ఆ వేళకు గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి సాయంత్రం కన్నా ఉప్పు తుంపర తక్కువ. మార్చి, ఏప్రిల్‌లో ఇంకా ముందే, 2, 3 గంటలకే వస్తుంది గానీ తేమ పెరుగుతుంది.

తిథి చూసుకుంటే చాలు. సాయంత్రం 7–9 మధ్య చూడాలంటే బహుళ షష్ఠి నుంచి అమావాస్య మీదుగా శుద్ధ విదియ దాకా చంద్రుడి బెడద ఉండదు. తెల్లవారుజామున 3 తరవాత అయితే బహుళ చతుర్దశి నుంచి శుద్ధ దశమి దాకా వాడుకోవచ్చు, దశమి చంద్రుడు 2 గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. అమావాస్య ఒక్కటే పట్టుకు కూర్చుంటే నెలలో పది రోజులు వృథా. సూర్యాస్తమయం అయ్యాక పూర్తి చీకటికి మన దగ్గర 75–80 నిమిషాలు పడుతుంది, అంతకుముందే కెమెరా తీసి నిరాశపడకండి.

పోటుగట్టు:
అమావాస్యకు ఇంకో చిక్కుంది, ఎవరూ చెప్పలేదు. పోటు బాగా ఎక్కేది అమావాస్యకూ పున్నానికే. సాయంత్రం వెడల్పుగా కనబడిన ఇసుక అర్ధరాత్రికి ఉండకపోవచ్చు. విశాఖ పోర్టుకు ఆటుపోట్ల పట్టిక దొరుకుతుంది, ఆ రాత్రి పోటు ఎన్నింటికో చూసుకుని, తడి గీతకు బాగా పైన సామాను పెట్టండి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీదకు మాత్రం వద్దు, పిల్లలుంటే అసలే వద్దు. దిబ్బ ఏటా ఆకారం మారుస్తుంది, వెనక నుంచి నీళ్లు వస్తే తెలియదు.

ఎర్రమట్టి దిబ్బలు చీకటిగా ఉంటాయని కొందరు సలహా ఇస్తుంటారు. లోపల నిలువుగా కోసుకుపోయిన గాడులు, పాములు. పగలు చూసి రండి. ఐఎన్‌ఎస్ కళింగ పరిసరాల్లో ట్రైపాడ్ నిలబెట్టకండి, అది నౌకాదళం స్థలం, లెన్సు ఏ వైపు తిప్పినా జవాబు చెప్పుకోవాలి. కుటుంబంతో అయితే తీరంలో ఉన్న రిసార్టు ఏదైనా చూసుకుని, సముద్రం వైపు ఫ్లడ్‌లైట్లు రెండు గంటలు ఆపుతారా అని గది తీసుకునే ముందే అడగడం మేలు. ఊరి చివర మత్స్యకారుల పల్లె ఉంటే అక్కడి పెద్దలకు ఒక మాట చెప్పి కూర్చోండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్ల టార్చి వాటిని దారి తప్పిస్తుంది. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. చీకటికి అలవాటు పడ్డ మీ కళ్లకూ అదే మంచిది, ఒక్కసారి ఫోను తెర చూస్తే మళ్లీ 20–30 నిమిషాలు ఆగాలి.

ఉప్పుగాజు:
సామాను సంగతి నేను చెప్తాను. ఒడ్డున ఫొటోలు మసకగా వచ్చేది చాలాసార్లు కారు ఏసీ వల్ల. చల్లబడ్డ లెన్సును తేమగాలిలోకి తీస్తే క్షణంలో ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి, దిగాక కెమెరాను సంచిలోనే మూసి ఇంకో 20 నిమిషాలు ఉంచండి. బైనాక్యులర్లకూ ఇదే.

ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు ఎక్స్‌పోజరు మధ్యలో దిగబడతాయి. అరచేతి వెడల్పు చెక్కముక్కలు మూడు కాళ్ల కింద పెట్టండి. నడి స్తంభం ఎత్తకండి, గాలికి ఊగుతుంది.

మీ లెన్సుకి: 18 ఎంఎం, ఎఫ్ 3.5, ఐఎస్‌ఓ 3200, 15 సెకన్లు. ఫొటోగ్రాఫర్ల ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది: 18 ఎంఎంను క్రాప్ సెన్సర్ గుణకం 1.5తో హెచ్చిస్తే 27, 500ని దానితో భాగిస్తే 18 సెకన్లు వస్తాయి, అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఒడ్డున ఆకాశం మరీ తెల్లగా వస్తే ఐఎస్‌ఓ 1600కి దించండి. సెకన్లు తగ్గించడం తరవాత. ఫోకస్ చేత్తోనే చేయాలి: లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ప్రకాశవంతమైన నక్షత్రాన్ని 10 రెట్లు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కగా అయ్యేదాకా తిప్పండి. అగస్త్య దీనికి బాగా పనికొస్తుంది. ఆ తరవాత జూమ్ కదిపితే ఫోకస్ పోతుంది, మళ్లీ మొదటికి.

ఇంటికొచ్చాక లెన్సును పొడి గుడ్డతో రుద్దకండి, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్, తరవాత లెన్స్ ద్రవంతో తడిపిన టిష్యూ. ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. తడిసిన సంచిలోనే వదిలేస్తే వారం లోపు బిగింపు మరలు పట్టేస్తాయి.

కొండమలుపు:
ఒక్క మాట మిగిలింది గవ్వలబుట్ట గారూ. డిసెంబరు 13–14 రాత్రి జెమినిడ్ ఉల్కలకు పైన చెప్పిన దక్షిణం నియమం వర్తించదు. అవి బయల్దేరే చోటు మిథునం, రాత్రి 2 ప్రాంతంలో దాదాపు నడినెత్తిన ఉంటుంది. దానికి నీటి అంచు అక్కర్లేదు, మంచు పట్టని చీకటి మెరక చాలు. బైనాక్యులర్లు ఇంట్లో వదిలి, చాప, దుప్పటి తీసుకెళ్లండి.