అడుగెల్లిదమా, అడుగనెల్లిదమా?

గోదారి గట్టు: సైన్స్ ఫిక్షన్ ప్రేమకథ ఒకటి రాస్తున్నాను. అమ్మాయికి అంగారకుడి మీద ఉద్యోగం వచ్చింది, తిరిగి రావడం ఉండదు. పెళ్లి కాదనుకుని వెళ్లిపోయింది. ఏడాది తర్వాత అబ్బాయి "అక్కడికి దారేంటి?" అని మెసేజ్ పెడతాడు. పెద్దన మనుచరిత్రలో, హిమాలయాల్లో దారి తప్పి దారి అడిగిన ప్రవరుడితో వరూధిని అన్న మాటతోనే ఆమె జవాబివ్వాలి. "నీకింత భయంబు లేకడుగెల్లిదమైతిమె" అని గుర్తు, కానీ ఎక్కడో తంతోంది. ఇక్కడ ఎల్లిదం అంటే చులకనా, వేళాకోళమా?

పాతపుస్తకం: తన్నేది 'న' లేకపోవడమే. "లేకడుగ నెల్లిదమైతిమె". 'న' తీసేస్తే గణాలు చెడతాయి, యతి కూడా పోతుంది. పెద్దన చేత ఉత్పలమాల తప్పించారు కదండీ!

ఆటవెలది: యతి సరే మాస్టారూ. ఆ 'న' ఎక్కణ్ణుంచి వచ్చింది? గణాల కోసం పెద్దన ఇరికించాడంటారా?

పాతపుస్తకం: ఇరికించలేదు. 'అడుగన్' (అడగడానికి) ద్రుతాంతం, అంటే 'న్'తో ముగిసే మాట. తర్వాత 'ఎల్లిదము'లో అచ్చు ఉంది కాబట్టి నకారం వచ్చింది.

కొత్తావకాయ: నా థియరీ వినండి. అడుగు అంటే పాదం! కాళ్లకు సిద్ధుడిచ్చిన పసరు పూసుకుని హిమాలయాలకు వచ్చినవాడికి ఇది చురక. మంచుకు పసరు కరిగింది, అడుగు ఎల్లిదమైంది.

ఆటవెలది: పసరు సంగతి అప్పటికి ఆమెకేం తెలుసండీ? ప్రవరుడు పేరు చెప్పాడు, దారి తప్పానన్నాడు, అంతే. పైగా "ఐతిమె" అంటే "మేము అయ్యామా" అని. పాదం ఎలా అవుతుంది?

కొత్తావకాయ: ఆమెకు తెలియకపోతేనేం, పెద్దనకు తెలుసుగా.

గోదారి గట్టు: మరి చులకనా, వేళాకోళమా?

పాతపుస్తకం: అసలు మీ పోలికే తిరగబడింది. ప్రేమ వద్దని వెళ్లింది ప్రవరుడు. మీ కథలో ఆ అమ్మాయే ప్రవరుడు. అగ్నిహోత్రం బదులు ప్రయోగశాల. వరూధిని మాట అబ్బాయికి ఇవ్వండి.

ఆటవెలది: నిత్యకర్మను కెరీర్ అంటే ఒప్పుకోను. అతను ఇంటికి పోతానన్నాడు, ఈమె ఇల్లు వదిలి పోయింది.

కొత్తావకాయ: మాయాప్రవరుణ్ణి మరిచిపోయారు. గంధర్వుడు అచ్చం అతని రూపంలో వచ్చాడు, ఆమె కనిపెట్టలేకపోయింది. మీ అబ్బాయికి అమ్మాయి రూపంలో రోబో పంపించండి. పెద్దనను మించిన సైన్స్ ఫిక్షన్ ఎవరు రాశారండీ?

పాతపుస్తకం: వరూధిని పద్యంలో దెబ్బంతా "ఇంతలు కన్నులుండ" (ఇంతేసి కళ్లుండగా) అన్నదాంట్లో ఉంది. 'భీతహరిణేక్షణ' (బెదిరిన లేడి కళ్లదానా) అని అతను కళ్లను పొగిడితే, అవే కళ్లు పెట్టుకుని దారి అడుగుతావేం అంటుంది. ఎల్లిదం ఆ తర్వాతి మాట.

ఆటవెలది: అవే కళ్లా? ఆ కళ్లు ప్రవరుడివి! 'ఇంతలు' అన్నది అతన్ని చూసి.

పాతపుస్తకం: ఇది వేరే చర్చ, దీనికి ఈ రాత్రి చాలదు.

గోదారి గట్టు: అంగారకుడి నుంచి మాట రావడానికి ఒక్కోసారి 22 నిమిషాలు పడుతుంది. నాకు ఎల్లిదం అర్థం రావడానికి అంతకంటే ఎక్కువే పట్టేలా ఉంది. ప్రస్తుతానికి 'చులకన' అనే రాసుకున్నాను, పెన్సిల్‌తో.