36 ఏళ్ల వయసులో ఎల్ఎల్‌బీ చేసి లాయర్ కావచ్చా?

ప్రశ్న (అకౌంట్స్ మనిషి):
నాకు 36. బీకాం చేసి ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా కంపెనీ వేసిన చెక్ బౌన్స్ కేసుల వాయిదాలకు నేనే వెళ్తాను. వాదనలు వినీ వినీ లా చదవాలనిపిస్తోంది. వయసు అడ్డమా? దూరవిద్యలో చేయవచ్చా? ఉద్యోగం ఎప్పుడు మానాలి?

జవాబు (లా మూడో ఏడు):
వయసు సమస్య కాదన్నా. మా క్లాసులో రిటైరైనవాళ్లూ ఉన్నారు. డిగ్రీలో 45 శాతం ఉండాలి. ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల కోర్సులో చేరడమే. దూరవిద్య ఎల్ఎల్‌బీతో ప్రాక్టీసుకు లైసెన్స్ రాదు, ఆ ప్రకటనలు నమ్మకండి.

జవాబు (సివిల్ వైపు):
జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను, మా ఆఫీసుకి జూనియర్లు వస్తూ ఉంటారు. ముందు ఉద్యోగం సంగతి చెప్తాను. చదువుతుండగా మానక్కర్లేదు గానీ హాజరు 70 శాతం ఉండాలి. ఇంటర్న్‌షిప్ కూడా ఉంటుంది, మూడేళ్లలో కనీసం 12 వారాలు. "కాలేజీకి రాకపోయినా మేం చూసుకుంటాం" అనేవాళ్ల దగ్గరికి పోకండి. స్టేట్ బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్ (నమోదు) అయ్యేటప్పుడు మాత్రం జీతం ఉద్యోగం వదలాల్సిందే. ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, నోట్స్ లేని బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు) తీసుకెళ్లవచ్చు. దానికి టెన్షన్ పడకండి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఎన్‌రోల్‌మెంట్‌కి ముందు ఏడాది ట్రైనింగ్ అని 1995లో బార్ కౌన్సిల్ రూల్ పెడితే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి సీనియర్ దగ్గర చేరాలని చట్టంలో ఎక్కడా లేదు. చేరకపోతే మాత్రం పని రాదు. దావా ఎలా రాయాలో పుస్తకంలో దొరుకుతుంది. ఫైలింగ్‌లో ఆబ్జెక్షన్ వేసి రిటర్న్ చేస్తే ఏం సరిచేసి మళ్లీ వేయాలో సీనియర్ దగ్గరి గుమాస్తా చెప్పాలి. క్రాస్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఏ ప్రశ్న అడగకుండా కూర్చోవాలో కోర్టు హాల్లోనే తెలుస్తుంది. మొదటి రెండు మూడేళ్లు వచ్చే డబ్బు మీద ఇల్లు నడపలేరు. అది ముందే ఇంట్లో చెప్పి, కొంత దాచుకుని దిగండి.

మీకో సౌకర్యం ఉంది. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, ఆ పైన కేసు వేయడానికి నెల... ఇవన్నీ మీకు ఇప్పటికే నోటికొచ్చి ఉంటాయి. లెడ్జర్ చదవగలిగిన జూనియర్ మాకు అరుదుగా దొరుకుతాడు. సీనియర్‌ని వెతికేటప్పుడు ఆ మాట ముందు చెప్పండి.

అకౌంట్స్ మనిషి:
చాలా థాంక్స్ మేడమ్. చదువవగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయవచ్చా?

సివిల్ వైపు:
వెంటనే కుదరదండీ. 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. ఆ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్షకు ముందు అయ్యే తాత్కాలిక నమోదు) తేదీ నుంచి మొదలవుతుంది, బార్ పరీక్ష పాసైన రోజు నుంచి కాదు. అందుకే ఫలితాలు రాగానే ఎన్‌రోల్ అవ్వండి, వాయిదా వేయకండి.