టమాటా మొక్క నిజంగా ఏడుస్తుందా?

మిద్దెతోట_హన్మకొండ:
అందరికీ నమస్కారం. నీళ్లు పోయకపోతే టమాటా మొక్కలు ఏడుస్తాయని మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. అందులో టక్ టక్‌మని చప్పుళ్లు వినిపించాయి. అప్పట్నుంచి పక్క కొమ్మలు గిల్లాలంటే చెయ్యి రావట్లేదు. ఊరెళ్తే కుండీలు ఎండిపోతాయేమోనని టెన్షన్. ఇది నిజమేనా? మొక్కకి నొప్పి తెలుస్తుందా?

బోటనీ_మాస్టారు:
అమ్మా, చప్పుడు నిజమే. ఏడుపు మాత్రం వీడియో వాళ్లు తగిలించింది.

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం చేసిన పని అది. 2023 మార్చిలో 'సెల్' పత్రికలో వచ్చింది. టమాటా, పొగాకు మొక్కలకు 10 సెంటీమీటర్ల దూరంలో మైకులు పెట్టి రికార్డు చేశారు. నీళ్లు లేని టమాటా గంటకు సుమారు 35 సార్లు చిటుక్కుమంది. కాండం కోసినది 25 సార్లు. హాయిగా ఉన్న మొక్క నుంచి గంటకు ఒక్కటి కూడా సరిగ్గా రాలేదు. శబ్దం ఎంత కీచుగా ఉందో కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు; ఈ చిటుకులు 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. మన చెవికి 20 దాటితే అందదు. అందుకే మీరు విన్నది కీచుదనం తగ్గించి, మన చెవికి అందేలా మార్చి వినిపించిన శబ్దం.

ఎందుకొస్తుందంటే, ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే వేరు నుంచి పైదాకా సన్నని గొట్టాల్లో నీటిధార లాగి పట్టిన తాడులా బిగుసుకుని ఉంటుంది. నేల ఎండేకొద్దీ ఆ బిగువు పెరిగి, ఎక్కడో ధార తెగి గాలిబుడగ పుడుతుంది. చిటుకు అప్పుడే వస్తుందని బలమైన అంచనా. 1966లోనే మిల్‌బర్న్, జాన్సన్ అనే ఇద్దరు ఇలాంటి చిటుకుల్ని ఆముదం ఆకుల్లో పట్టుకున్నారు. మన గట్ల మీద మొలిచే ఆముదమే!

నొప్పి తెలియాలంటే నాడులు, మెదడు ఉండాలి. మొక్కకు అవి లేవు. నిశ్చింతగా గిల్లండి.

మదనపల్లె_రైతు:
సార్, మేం మట్టి పిడికిట్లో పట్టి చూసి డ్రిప్ వదులుతాం. మధ్యాహ్నం ఆకు వాలితే ఎండకో, నీళ్లు చాలకో చెప్పలేం. పొద్దుగూకినా లేవకపోతే అప్పుడు ఖాయం. అప్పటికే పూత రాలిపోతుంది. ఈ చప్పుడు ముందే పట్టిస్తుందా?

బోటనీ_మాస్టారు:
నాకు దీని మీద ఆశంతా అక్కడే. ఆకు వాడినట్టు కనిపించక ముందే చిటుకులు మొదలయ్యాయి. నీళ్లు ఆపాక ఐదో రోజుకి బాగా పెరిగి, మొక్క ఎండిపోయేకొద్దీ తగ్గిపోయాయి. కాబట్టి చప్పుడు లేనంత మాత్రాన చెట్టు బాగుందని అనుకోకూడదు. దాహంతో వచ్చిందా, కోతతో వచ్చిందా అన్నది కంప్యూటర్ సుమారు 70 శాతం సరిగ్గా చెప్పింది. గాలి, కీచురాళ్లు, మోటారు హోరు ఉండే మన పొలాల్లో పనిచేసే పరికరం రావాలి. వస్తే మీలాంటి వాళ్లకే మొదట అందాలి.

మిద్దెతోట_హన్మకొండ:
మనకు వినిపించకపోతే ఇంకెవరికైనా వినిపిస్తుందా మాస్టారూ?

బోటనీ_మాస్టారు:
వినిపిస్తుందమ్మా. అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో మరో ప్రయోగం ప్రచురించారు. రెండు పచ్చటి టమాటా మొక్కలు పెట్టి, ఒకదాని పక్కన దాహపు చిటుకులు స్పీకర్‌లో వినిపిస్తే, ఆడ రెక్కలపురుగులు ఎక్కువగా రెండో మొక్క మీదే గుడ్లు పెట్టాయి. ఆ పురుగు మన పొగాకు లద్దెపురుగుకు దగ్గరి చుట్టం. మొక్క చెప్పాలని చెబుతోందని దీన్నిబట్టి అనలేం. పురుగు మాత్రం విని, తన పిల్లలకు మంచి చోటు వెతుక్కుంటోంది.

ఊరెళ్లేటప్పుడు కుండీలు నీడకు జరిపి, మట్టి మీద ఎండుటాకులు మందంగా పరవండి.